మావున్‌కు వెళ్ళే ముందు

మా రెండవ అబ్బాయి ఆఫ్రికాలో చిన్న విమానాలు నడిపే పనికి సిద్ధమవుతున్నాడని తెలియగానే బంధువర్గంలో మొదట వచ్చిన ప్రశ్న సింహాల గురించి. రెండవది జీతం గురించి. మూడవ ప్రశ్న మా అత్తమ్మ అడిగారు: "అక్కడ ఖిబ్లా ఏ వైపు ఉంటుంది నాయనా?" ముగ్గురికీ వాడు ఓపికగానే జవాబు చెప్పాడు. కానీ ఈ నాలుగేళ్ళలో మా ఇల్లంతా కలిసి నేర్చుకున్న సంగతులు ఆ మూడు ప్రశ్నలలో ఏ ఒక్కదానిలోనూ లేవు. పిల్లలను దూరదేశాలకు పంపే ఆలోచనలో ఉన్న తల్లిదండ్రులకు ఉపయోగపడవచ్చునన్న ఉద్దేశంతో వాటిని ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ పని ఏమిటో చెప్పాలి. బోట్స్వానా దేశపు ఉత్తర భాగంలో మావున్ అనే పట్టణం ఉంది. దానికి వాయవ్యంగా ఒకవాంగో నది సముద్రం వైపు పోకుండా ఎడారి ఇసుకలోనే వేళ్ళు చాపినట్టు విడిపోయి, విశాలమైన చిత్తడి నేలగా మారుతుంది. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో 2014లో చేరిన వెయ్యవ స్థలం అదే. ఆ నీటి పాయల మధ్య విడుదులున్నాయి. వాటికి రోడ్లు లేవు, ఉన్నచోట్ల కూడా ఏడాది పొడుగునా పనికిరావు. కనుక యాత్రికులు, కూరగాయలు, మందులు, విడిభాగాలు, జబ్బుపడిన పనివారు, అందరూ అన్నీ చిన్న విమానాలలోనే చేరాలి. దిగేది మట్టి బాట మీద. దానికి కంట్రోల్ టవర్ ఉండదు, దీపాలుండవు, ఒక్కోసారి బాట మధ్యలో ఏనుగు నిలబడి ఉంటుంది. అందుకే దిగేముందు ఒకసారి తక్కువ ఎత్తులో బాట మీదుగా పోయి చూసుకోవడం అక్కడ అలవాటు. పది నిమిషాల ప్రయాణం, ఇరవై నిమిషాల ప్రయాణం, రోజుకు ఎన్నోసార్లు ఎక్కడం, దిగడం. సామాను ఎక్కించేది, ఇంధనం పోసేది, టైర్లు తట్టి చూసేది కూడా పైలటే. దీన్నే బుష్ పైలట్ పని అంటారు. వినడానికి సాహసంగా ఉంటుంది గాని, దగ్గరగా చూస్తే మన పల్లెలలో జీపు నడిపేవాడి పనికి రెక్కలు తొడిగినట్టు ఉంటుంది.

మరి ఇంత చదువు చదివి అంత దూరం ఎందుకు? మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల విమానయానం పూర్తి చేయాలి. వాయుమార్గ నిర్ణయం, వాతావరణ శాస్త్రం, వైమానిక నిబంధనలు, సాంకేతిక విషయాలు, రేడియో సంభాషణ, వీటన్నిటికీ వేర్వేరు పరీక్షలు. మొదటి తరగతి వైద్య పరీక్ష ఒకసారి నెగ్గితే చాలదు, ఏటా నెగ్గుతూ ఉండాలి. ఇంతా అయ్యాక చేతికి వచ్చిన లైసెన్సుతో పెద్ద విమాన సంస్థ తలుపు తట్టితే, ఆ పెద్ద విమానం నడిపే ప్రత్యేక శిక్షణకు మరిన్ని లక్షలు కట్టమంటారు. హైదరాబాదు పాతబస్తీలో బేకరీ కార్మికుని కుమార్తె సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయిన వృత్తాంతం మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. లైసెన్సు వచ్చిన తరువాత కూడా ఆమె పై శిక్షణ కోసం ఎన్నాళ్ళు ఎదురుచూడవలసి వచ్చిందో, ప్రభుత్వ సహాయం అందేవరకు ఆ కుటుంబం ఎంత ఓర్పు పట్టిందో మాత్రం తక్కువమందికి తెలుసు. ఆమెది పట్టుదల, పట్టుదలతోపాటు చేయూత కూడా అవసరమని ఆమె ఉదంతమే చెబుతోంది.

గంటలు తక్కువ ఉన్న కొత్త పైలట్‌కు పని దొరికే చోట్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. మావున్ వాటిలో ఒకటి. అక్కడ రెండు మూడేళ్ళు పనిచేస్తే, పక్కన పెద్ద పైలట్ ఎవరూ లేకుండా తానే బాధ్యుడుగా నడిపిన గంటలు లాగ్‌బుక్కులో చేరతాయి. ఆ పై మెట్టు లైసెన్సుకు 1,500 గంటలు కావాలి. మా వాడి లెక్క అదీ.

వాడి కోరికకు మూలం మాత్రం లెక్క కాదు, కరువు. 2004 తరువాత కొన్నేళ్ళపాటు రాష్ట్ర ప్రభుత్వం మా జిల్లాలో మేఘమథనం జరిపించింది. ఆ సంవత్సరాలలో మేము కళ్యాణదుర్గంలో ఉండేవాళ్ళం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధించేదాన్ని. మబ్బు పట్టినప్పుడు ఎక్కడో పైన చిన్న విమానం మోత వినిపించేది. తరగతిలోని పిల్లలంతా కిటికీల దగ్గరకు పరుగెత్తేవారు. పడిన వానలో మేఘం వాటా ఎంత, మనుషులు చల్లిన లవణాల వాటా ఎంత అన్నది తేలడం కష్టం. అందుచేత నేను పిల్లలకు దాని గురించి గొప్పలు చెప్పలేదు. కానీ ఇంటికి వచ్చాక మా చిన్నవాడు అడిగే ప్రశ్న ఎప్పుడూ వాన గురించి ఉండేది కాదు. "అమ్మా, ఆ మబ్బులోకి పోయినాయన మళ్ళీ ఎట్లా బయటికొస్తాడు?" అని అడిగేవాడు. పుట్టపర్తిలో 1990 నుంచి విమానాశ్రయం ఉన్నా, మా వాళ్ళకు విమానమంటే ఆకాశంలో పోయే గీత మాత్రమే. ఆ గీతలో ఒక మనిషి ఉంటాడని మా ఇంట్లో మొదట గుర్తించినవాడు వాడే.

శిక్షణ కోసం వేరే రాష్ట్రానికి వెళ్ళినా, సెలవులకు వచ్చినప్పుడు పుస్తకాలు మోసుకువచ్చేవాడు. రాత్రి ఇషా నమాజు తరువాత నేను ప్రశ్నలడగడం, వాడు జవాబులు చెప్పడం. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నాకు ఈ పాఠాలు కొత్త రుచినిచ్చాయి. వాటిలో అన్నిటికంటే నన్ను పట్టుకున్నది వేడి గురించిన పాఠం.

గాలి వేడెక్కితే పలుచబడుతుందని ఎనిమిదవ తరగతి పిల్లవాడికీ తెలుసు. పలుచని గాలిలో రెక్క మోసే బరువు తగ్గుతుంది, పంకా లాగే బలం తగ్గుతుంది, ఇంజన్ పీల్చే ఊపిరి తగ్గుతుంది. మూడూ ఒకేసారి తగ్గుతాయి. దీనికి పైలట్లు ఒక సులువైన లెక్క పెట్టుకున్నారు. సముద్రమట్టంలో 15 డిగ్రీలను ప్రమాణంగా తీసుకుని, ప్రతి వెయ్యి అడుగులకు 2 డిగ్రీల చొప్పున తగ్గించాలి. అసలు వేడి ఆ ప్రమాణం కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువుంటే, ఒక్కో డిగ్రీకి 120 అడుగుల చొప్పున ఎత్తును కలుపుకోవాలి. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో మా ఊరి నేల మీద నిలబడిన విమానం, తాను 4,350 అడుగుల కొండ మీద ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. మావున్ ఎత్తే 3,100 అడుగులు. అక్కడ అక్టోబరులో 38 డిగ్రీలు ఉన్ననాడు లెక్క వేస్తే 6,600 అడుగులు దాటుతుంది. ఊటీ ఎత్తు 7,350. అంటే ఇసుక బాట మీద ఎండలో చెమట కారుస్తూ నిలబడిన పైలట్, విమానం దృష్టిలో, ఇంచుమించు ఊటీ దారిలో ఉన్నాడన్నమాట. పొద్దున ఆరింటికి పైకి లేచిన బరువే మధ్యాహ్నం రెండింటికి అదే బాట మీద లేవకపోవచ్చు. బాట పొడవు మారలేదు, ఇంజన్ చెడిపోలేదు, గాలి మారింది. మా జిల్లా ఎండకు ఇంత శాస్త్రం ఉందని ఇన్నేళ్ళూ బోధించిన నాకే ఆశ్చర్యం కలిగింది. ఎండాకాలంలో మా రైతులు తెల్లవారకముందే పొలం పని ముగించుకున్నట్టే, అక్కడా బరువైన ప్రయాణాలు పొద్దుటి పూటకే పెట్టుకోవాలి.

బరువు పాఠం మాత్రం మా వారిది. మేము ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా కుటుంబం. మామగారి కాలంనుంచి పరుపుల దుకాణం ఉంది. దూదిని తూచి బ్రతికినవారికి ఒక సంగతి బాగా తెలుసు: సంచి పరిమాణం చూసి బరువు చెప్పకూడదు. మా వాడు సెస్నా 206 అనే ఆరు సీట్ల విమానం లెక్క కాగితం మీద వేసి వాళ్ళ నాన్నకు చూపించాడు. నేల విడవడానికి అనుమతించిన గరిష్ఠ బరువు 1,633 కిలోలు. ఖాళీ విమానం సుమారు వెయ్యి కిలోలు, ఇది ఒక్కో విమానానికి కొంత మారుతుంది. మిగిలింది 633. ట్యాంకులు నిండా ఇంధనం పోస్తే 240 కిలోల వరకు పోతుంది. పైలట్ 70 కిలోలు. ఇక మిగిలేది 323. మనిషికి 80 కిలోల చొప్పున నలుగురు. ఒక్క సంచీ లేకుండా నలుగురు!

"మరి ఆరు సీట్లు ఎందుకు పెట్టినారు?" అన్నారు మా వారు.

"సీటు ఉంది కదా అని కూర్చోబెట్టేవాడు పైలట్ కాదు నాన్నా. ఇంధనం తగ్గించుకోవాలి, లేదా మనిషిని తగ్గించుకోవాలి."

"ఇంధనం తగ్గిస్తే?"

"దారిలో వానొచ్చి పక్కకు తిరగాల్సొస్తే చాలదు."

మా వారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మరునాడు దుకాణంలో ఎవరికో ఆ లెక్క వివరిస్తుండగా విన్నాను. బరువు ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యమేనట. వెనుక ఎక్కువ పెడితే ముక్కు పైకి లేచి, విమానం చేతికి లొంగదు. ఎద్దుబండి ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మూడవ పాఠం బస్సులో నేర్చుకున్నాను. ఒకే ఇంజన్ ఉన్న విమానంలో ఇంజన్ ఆగిపోతే అది రాయిలా పడిపోదు, జారుతుంది. నేలకు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటే దాదాపు తొమ్మిది కిలోమీటర్ల దూరం జారగలదు. ఆ కొద్ది నిమిషాలలో దిగే చోటు వెతుక్కోవాలి. కనుక చోటు ముందే చూసుకుని ఉంచుకోవడం పైలట్‌కు రెండవ స్వభావం కావాలి. కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వచ్చే దారిలో వాడు కిటికీ పక్కన కూర్చుని గొణుక్కుంటూ ఉండేవాడు. "ఈ చేను బాగుంది. ఇది వద్దు, కరెంటు తీగలున్నాయి. అక్కడ గుండ్లున్నాయి. ఈ చెరువు బాగుంది." ఎండిన చెరువులు వాడికి మంచి చోట్లు! చదునుగా, విశాలంగా, అడ్డు లేకుండా ఉంటాయి. నీరు లేదని ఇన్నేళ్ళు ఏ చెరువులను చూసి నిట్టూర్చామో, అవే వాడికి ప్రాణరక్షణ స్థలాలుగా కనిపించడం నాకు వింతగానూ, కాస్త బాధగానూ ఉండింది. శెనక్కాయ పీకేసిన చేను కూడా మంచిదేనట, అయితే సాళ్ళ వెంట దిగాలి, అడ్డంగా కాదు. రామగిరి గాలిమరలు తిరిగే దిక్కు చూసి గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పేవాడు. బస్సులో పక్కనున్నవారు ఏమనుకున్నారో తెలియదు.

ఇక అసలు విషయానికి వస్తాను. శిక్షణ చివరి సంవత్సరంలో ఒకరోజు వాడిని ఒంటరి ప్రయాణానికి పంపారు. దారిలో సగం దూరం వెళ్ళాక ముందు మబ్బులు నల్లగా కమ్ముకుని కనిపించాయి. వాడు వెనుదిరిగి వచ్చేశాడు. ప్రయాణం పూర్తి కాలేదు, ఆ గంటల ఖర్చు వృథా అయింది, మళ్ళీ అదే దూరం డబ్బు కట్టి ఎగరాలి. దిగులుగా విమానం దిగిన వాడితో శిక్షకుడు, "ఈరోజే నువ్వు నాకు పైలట్‌గా కనిపించావు" అన్నారట. చిన్న విమానాల ప్రమాదాలలో ప్రాణాలు తీసేవి ఎక్కువగా వింత కారణాలు కావు. ముందు కనిపిస్తున్న చెడు వాతావరణంలోకి పోవడం, బరువు ఎక్కువ వేసుకోవడం, ఇంధనం చాలుతుందిలే అనుకోవడం, ఇలాంటివే. వీటన్నిటికీ మందు ఒకే మాట: "వద్దు, ఇవాళ పోను." ఆ మాట అనగలగడమే ఈ వృత్తిలో నేర్చుకోవలసిన కష్టమైన విద్య.

ఆ మాట ఎవరు అనగలరు? నా ఆలోచన అక్కడే ఆగిపోయింది. యజమాని తొందరపెడుతున్నాడు, యాత్రికులకు పెద్ద విమానం అందుకోవాలనే ఆత్రం, మరో రెండు సంచులు ఎక్కించమంటున్నారు. ఊరిలో నెలనెలా వడ్డీ పెరుగుతున్న అప్పు ఉన్న కుర్రవాడు, ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో, "ఈ ఒక్కసారికి" అనుకోడని ఎలా నమ్మడం?

ఈ శిక్షణకు ఎన్నో లక్షలు అవుతుంది. మొదట్లో ఒక బ్యాంకువారు విద్యా ఋణం ఇస్తామన్నారు. కాగితాలు కూడా సిద్ధమయ్యాయి. వడ్డీ మనకు నిషిద్ధమన్న సంగతి మా ఇంట్లో అందరికీ తెలిసినదే. అయినా "చదువు కోసమే కదా, అవసరం కదా" అని నచ్చజెప్పిన ఆప్తులున్నారు. వారి ప్రేమను నేను తప్పు పట్టను. మా వారు మాత్రం ధర్మాన్ని ఒక వైపు, దుకాణదారు బుద్ధిని మరొక వైపు పెట్టి ఒకే మాట అన్నారు: "మెడ మీద వడ్డీ ఉన్నోడు కాటా ముందర నిజం చెప్పలేడు. నా కొడుకు నిజం చెప్పే స్థితిలో ఉండాల." వడ్డీ ఎందుకు నిషేధింపబడింది అన్న ప్రశ్నకు పుస్తకాలలో ఎన్నో సమాధానాలు చదివాను. ఇసుక బాట మీద నిలబడిన ఒక కుర్రవాడి రూపంలో దానికి సమాధానం కనిపించడం మాత్రం అదే మొదలు.

కాబట్టి మేము నిదానమైన దారి పట్టాము. రెండేళ్ళలో ముగియవలసిన శిక్షణ నాలుగేళ్ళకు సాగింది. డబ్బు ఉన్నప్పుడు ఎగిరాడు, లేనప్పుడు ఇంటికి వచ్చి వాళ్ళ నాన్నతో దుకాణంలో కూర్చున్నాడు. అనంతపురం శివారులో ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం అమ్మేశాము. నా జీతంలో మిగుల్చుకున్నది ఖర్చయింది. తక్కినది కువైట్‌లో ఉన్న మా అన్న ఖర్జె హసనాగా ఇచ్చాడు. ఇచ్చినవాడు సొంత అన్నే అయినా, అప్పును వ్రాసిపెట్టుకోమన్న దైవాదేశాన్ని పాటించి, ఇద్దరు సాక్షులతో కాగితం వ్రాశాము. అందులో మా అన్న ఒక వాక్యం తన చేత్తో చేర్చాడు: మేనల్లునికి 1,500 గంటలు పూర్తయ్యేవరకు ఈ సొమ్ము అడగను, అని. మంచి అప్పు ఎలా ఉండాలో ఆ వాక్యం చూస్తే తెలుస్తుంది. ఈ దారి అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు. అమ్ముకోవడానికి స్థలం, అడగడానికి అన్న లేని ఇళ్ళే మనలో ఎక్కువ. మన జమాఅతులు, పెద్ద వ్యాపారస్థులు కలిసి ఇటువంటి చదువులకు వడ్డీలేని నిధి ఒకటి నిలబెడితే, ఫంక్షన్ హాలు దీపాలకు పోసే డబ్బుతోనే కొందరు పిల్లలు పైకి వస్తారు. పెళ్ళిళ్ళ కాలం కనుక ఈ మాట అనకుండా ఉండలేకపోయాను.

అత్తమ్మ ప్రశ్నకు జవాబు ఇంకా చెప్పలేదు. ఇక్కడ మనం పడమటికి, కాస్త ఉత్తరం వైపు ఒరిగి నమాజు చేస్తాము. మావున్ నుంచి పవిత్ర మక్కా ఉత్తరాన, కొద్దిగా తూర్పుకు ఉంటుంది. అట్లాసు తెరచి వేలు పెట్టి చూపిస్తే ఆమె చాలాసేపు చూశారు. ఎనభై ఏళ్ళు ఒకే వైపు తిరిగి నమాజు చేసిన మనిషికి, మనవడు వేరే వైపు తిరిగి అదే చోటికి అభిముఖుడవుతాడని తెలియడం సంతోషాన్నిచ్చింది. రమజాన్ విషయం మౌల్వీ గారినే అడిగాము. దాహంతో, నిద్రలేమితో ఉన్న పైలట్ చేతిలో ఇతరుల ప్రాణాలుంటాయి. ప్రయాణికునికి ఉపవాసం వాయిదా వేసి తరువాత పూర్తిచేసుకునే సడలింపును దివ్య ఖుర్ఆన్ స్వయంగా ఇచ్చింది. ఎగిరే రోజులలో ఆ సడలింపును వాడుకోమని వారు చెప్పారు. సడలింపు దైవం ఇచ్చిన కానుక, దాన్ని తిరస్కరించడం గొప్పతనం కాదని కూడా అన్నారు.

ఒక ప్రశ్నకు మాత్రం మా ఇంట్లో ఇంకా సమాధానం దొరకలేదు. ఆ విడుదులకు వెళ్ళే సరుకులలో మద్యం పెట్టెలు కూడా ఉంటాయి. దాన్ని మోసుకుపోవడం మనకు తగదు. మనుషులను మాత్రమే తీసుకువెళ్తానని కొత్తగా చేరినవాడు అనగలడా? ముందే చెప్పి చేరతానని, కుదరదంటే వేరే సంస్థను చూసుకుంటానని మా వాడు అంటున్నాడు. పెద్దవాడు అది జరిగే పని కాదంటున్నాడు. మా వారు మౌనంగా ఉన్నారు. కెన్యాలో 1957లో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్స్ సేవ, కరువు ప్రాంతాలకు మనుషులను, మందులను చేర్చే ఐక్యరాజ్యసమితి విమాన సేవ వంటివి ఉన్నాయి. మావాడి కళ్ళు చివరకు వాటి మీదే ఉన్నాయి. సోమాలియాలో, దక్షిణ సూడాన్‌లో ఆకలిగొన్నవారి దగ్గరకు పోయే ఆ విమానాలు నడపాలంటే ముందు ఎన్నో గంటల అనుభవం కావాలి. ఆ గంటలు సంపాదించే చోటనే ఈ చిక్కు ఉంది. చదువరులలో ఇటువంటి పరిస్థితి దాటినవారు ఉంటే పత్రికకు వ్రాయవలసిందిగా కోరుతున్నాను.

విమానం గురించి మన పత్రికలలో వ్రాసేవారు సాధారణంగా అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్‌తో మొదలుపెడతారు. తొమ్మిదవ శతాబ్దంలో కొర్డోవా నగరంలో రెక్కలు కట్టుకుని ఎగిరిన ఆ పండితుని పేరు చంద్రుని మీద ఒక బిలానికి పెట్టారు. గర్వించదగినదే. నేను పిల్లలకు ఆ వృత్తాంతంలోని చివరి భాగం చెప్పేదాన్ని. ఆయన కొంతసేపు గాలిలో తేలి, దిగేటప్పుడు నడుముకు దెబ్బ తగిలించుకున్నారు. పక్షి దిగడానికి తోకను వాడుకుంటుందని, తాను తోక కట్టుకోలేదని చరిత్రకారుడు మఖ్ఖరీ వ్రాశారు. పైకి పోవడం కంటే క్షేమంగా దిగడమే కష్టమని వెయ్యేళ్ళనాడే తేలిపోయింది.

వాడు వెళ్ళేచోటు గురించి నేను చదివినవాటిలో నాకు బాగా నచ్చినది నీటి సంగతి. ఒకవాంగోకు వరద వచ్చేది అక్కడ వానలు పడినప్పుడు కాదు. ఎగువన అంగోలా కొండలలో కురిసిన వాన నెలల తరబడి ప్రయాణించి, అక్కడ వానలు లేని జూన్, జూలై, ఆగస్టు నెలలలో చిత్తడి నేలను నింపుతుంది. పడమటి కనుమల వాన తుంగభద్ర కాలువ వెంట మా దగ్గరకు వచ్చినట్టే. తమ మీద పడని వాన మీద ఆధారపడి బ్రతకడం మా జిల్లావారికి తెలిసిన విద్య. ఆ దేశ జనాభా మొత్తం సుమారు 25 లక్షలు. 2011 లెక్కల ప్రకారం మా పాత అనంతపురం జిల్లా ఒక్కదానిలోనే 40 లక్షలకు పైన ఉన్నాము. ఇంత పెద్ద జనసమూహం నుంచి వెళ్ళినవాడికి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో అన్నదే నా దిగులు. రాజధాని గాబరోన్‌లో మసీదు ఉంది గాని, మావున్‌కు అది చాలా దూరం.

వచ్చే నెల ప్రయాణం. ఉద్యోగం చేతిలో పెట్టుకుని వెళ్ళడం లేదు. అక్కడి పద్ధతి ప్రకారం యాత్రికుల కాలం మొదలయ్యేముందు వెళ్ళి, ఒక్కొక్క సంస్థ తలుపు తట్టి, తానెటువంటి మనిషో వారికి తెలియనివ్వాలి. ఎవరైనా తీసుకుంటామంటే అప్పుడు ఆ దేశపు చట్టం పరీక్ష, లైసెన్సు మార్పిడి, పని అనుమతి; అవి వచ్చేవరకు ఒక్క గంట కూడా పని చేయరాదు. నెలలు పట్టవచ్చు. దొరక్కపోవచ్చు కూడా. ఆరు నెలల తిండికి, అద్దెకు, తిరుగు టిక్కెట్టుకు సరిపడే డబ్బు విడిగా ఉంచాము. తిరుగు టిక్కెట్టు డబ్బు ముట్టుకోవద్దని, దొరకనినాడు నిస్సంకోచంగా తిరిగి రమ్మని వాడితో మా వారు రెండుసార్లు చెప్పారు. దారిలో నైరోబీలో ఆగే అవకాశం ఉన్నందున ఎల్లో ఫీవర్ టీకా వేయించాము. జీవితాంతం చెల్లే పసుపుపచ్చ కార్డు ఇచ్చారు. దోమతెర నేనే కుట్టాను.

అక్కడి చిన్న విమానాలలో యాత్రికులను కూడా గట్టి పెట్టెలు తేనివ్వరట, మెత్తని సంచులే తెమ్మంటారట. అందువల్ల వాడు కూడా అలాంటి సంచి ఒక్కటే తీసుకుంటానన్నాడు. నిన్న దాన్ని దుకాణంలో కాటా మీద పెట్టాము. 22 కిలోలు చూపింది. వాడు 15కు దించాలన్నాడు. రెండు జతల బట్టలు, ఒక పుస్తకాల కట్ట, అత్తమ్మ చేసిన చెనిక్కాయ ఉండల డబ్బా, నిమ్మకాయ ఊరగాయ సీసా బయటికి వచ్చాయి. 16 దగ్గర ముల్లు ఆగింది. వాడు జానెమాజ్ తీసి చేతిలో పట్టుకుని, బరువు చూసి, మళ్ళీ లోపల పెట్టాడు. బూట్లు తీసి కాళ్ళకు తొడుక్కున్నాడు. ముల్లు 15 కిందికి వచ్చింది. మా వారు మిగిలిన చోటు చూసి, చెనిక్కాయ ఉండలు ఒక కాగితంలో కొన్ని చుట్టి, ఒక్కొక్కటిగా పెడుతూ, ముల్లు గీతను తాకగానే చెయ్యి ఆపేశారు.